వైన్స్‌లో వైన్ ఏది? మన వీధి మందు షాపు వెనక ఉన్న అసలు చరిత్ర

ఈ రోజు ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీ వీధి చివర ఉన్న మందు షాపు బోర్డు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ముందు ఏ దేవుడి పేరైనా ఉండొచ్చు, ఓనర్ కూతురి పేరైనా ఉండొచ్చు. చివర్లో మాత్రం "వైన్స్" అనే ఉంటుంది. ఇప్పుడు ఆ షాపు అలమరాల్లోకి చూడండి. విస్కీ, బ్రాందీ, రమ్, బీర్. ద్రాక్షతో చేసిన వైన్ ఎక్కడుంది? ఏదో ఒక మూల, దుమ్ము పట్టి, నాలుగైదు సీసాలు. అమ్మని సరుకు పేరు బోర్డు మీద పెట్టుకున్న వ్యాపారం మన దగ్గర ఇదొక్కటేనేమో!

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. డిగ్రీ అయ్యాక నల్లగొండ వైపు ఒక మండల కేంద్రంలో, మా మేనమామకు వాటా ఉన్న చిన్న వైన్ షాపులో లెక్కలు రాయడానికి కూర్చున్నాను. లైసెన్స్ ఉన్న రెండేళ్లూ అక్కడే. ఆ కౌంటర్ వెనక నేను గమనించిన మొదటి విషయం ఏంటంటే, వచ్చేవాళ్లలో చాలామంది బ్రాండ్ పేరు చెప్పరు, రుచి గురించి అసలే మాట్లాడరు. రేటు చెప్తారు. "అన్నా, నూట అరవైది ఒకటియ్యి." అంతే. విస్కీనా బ్రాందీనా అని అడిగితే, "ఏదైతేంది, జల్దియ్యి" అంటారు.

తాగేవాడికి తను ఏం తాగుతున్నాడో అక్కర్లేదు. అమ్మేవాడికి తను ఏం అమ్ముతున్నాడో తెలియదు. ఈ పరిస్థితి ఎలా వచ్చింది? ఈ ఎపిసోడ్ దాని గురించే. మందు తాగమని చెప్పే వీడియో కాదిది, అది ముందే చెప్తున్నాను. మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్ల లోపు వాళ్లకు మందు అమ్మడం నేరం. ఆల్కహాల్ విషయంలో సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. ఇది చరిత్ర. చరిత్రగానే విందాం.

సరే, చాలా వెనక్కి వెళ్దాం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో మద్యం వ్యాపారం చూసుకోవడానికి ఒక అధికారి ఉంటాడు. సురాధ్యక్షుడు. అంటే అప్పటి ఎక్సైజ్ కమిషనర్ అన్నమాట. పానశాల ఎలా ఉండాలో కూడా ఆ పుస్తకం చెప్తుంది. వేరు వేరు గదులుండాలి, పడుకోవడానికీ కూర్చోవడానికీ ఏర్పాట్లుండాలి, పూలు, సుగంధాలు, నీళ్లు ఉండాలి. ఇప్పటి పర్మిట్ రూమ్‌లో ప్లాస్టిక్ గ్లాసు, ఉడకబెట్టిన శనగలు చూసినవాళ్లకి ఇది కాస్త ఈర్ష్య కలిగించే విషయమే.

అందులో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. మద్యం రకాలన్నిటినీ విడివిడిగా చెప్తాడు. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు. ఏది దేనితో చేస్తారో, ఏ దినుసు ఎంత వేస్తారో కూడా ఉంటుంది. ద్రాక్ష రసంతో చేసేది మధువు. చూశారా, మన బోర్డు మీద ఉన్న "వైన్" అంటే నిజానికి ఇదీ. పన్ను వసూలు చేసే ప్రభుత్వం అప్పుడూ ఉంది. కానీ కుండలో ఏముందో ఆ ప్రభుత్వానికి తెలుసు, అమ్మేవాడికి తెలుసు, తాగేవాడికీ తెలుసు.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. మన దగ్గర సామాన్యుడి పానీయం ద్రాక్షతో చేసింది కాదు, కల్లు. తాటి కల్లు, ఈత కల్లు, ఏజెన్సీలో జీలుగు కల్లు. అడవి ప్రాంతాల్లో ఇప్పపూవు సారా. కల్లు గొప్పతనం ఏంటంటే దాన్ని ఎవరూ మోసం చేసి దాచిపెట్టలేరు. తెల్లవారుజామున చెట్టు మీంచి దించిన లొట్టిలో కల్లు తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ పులుపు ఎక్కుతుంది. సాయంత్రానికి ఘాటు. అసలు పులవకుండా ఉండాలంటే కుండ లోపల సున్నం పూస్తారు, అప్పుడు అది నీరా. పోతుతాడు కల్లుకీ పండుతాడు కల్లుకీ తేడా నాలుక మీద పెట్టగానే చెప్పే తాతలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఫలానా గౌడ్ గీసిన ఫలానా చెట్టు కల్లు కావాలని అడిగి మరీ తాగుతారు. సారం ఏంటంటే, కల్లు కొనేవాడు ముందు రుచి చూస్తాడు, తర్వాత డబ్బులిస్తాడు.

మరి ఈ వ్యవహారంలోకి మూడో మనిషి ఎప్పుడొచ్చాడు? పన్ను వేసే ప్రభుత్వం, దాని పేరు చెప్పి వసూలు చేసే కాంట్రాక్టర్ వచ్చినప్పుడు. దీన్నే ఆబ్కారీ అన్నారు. పర్షియన్ మాట. ఇప్పటికీ మన పెద్దవాళ్లు ఎక్సైజ్ వాళ్లని "ఆబ్కారోళ్లు" అంటారు. కోస్తా, రాయలసీమ బ్రిటిష్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి అక్కడ 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం. తెలంగాణ నిజాం కింద ఉండేది కాబట్టి ఇక్కడ ఫసలీ 1316 నాటి హైదరాబాద్ ఆబ్కారీ చట్టం. మన క్యాలెండర్‌లో అది సుమారు 1907. పాలకులు వేరు, పద్ధతి ఒకటే. సొంతంగా గీయకూడదు, సొంతంగా కాచకూడదు. చెట్టుకు పన్ను, కొట్టుకు వేలంపాట. ఎక్కువ పాడినవాడికే అమ్మే హక్కు. నిజాం ఖజానాకు ఆబ్కారీ ప్రధాన ఆదాయాల్లో ఒకటిగా ఉండేది.

వేలం అనే మాట దగ్గర కాసేపు ఆగండి, కథ మొత్తం ఇక్కడే మలుపు తిరిగింది. మంచి కల్లు దించేవాడికి కాదు, ఎక్కువ డబ్బు కట్టేవాడికి కొట్టు దక్కుతుంది. అంత డబ్బు ముందే కట్టినవాడు దాన్ని ఎలా రాబట్టుకోవాలి? ఎక్కువ అమ్మాలి, లేదా పల్చన చెయ్యాలి, లేదా ఏదో ఒకటి కలపాలి. తెలంగాణలో కల్లు కాంపౌండ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రజోలమ్ లాంటి మత్తు మందులు కలిపే దందా ఇలాంటి లెక్కల్లోంచే పెరిగింది. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. చెట్టు దగ్గర కల్లుకీ కాంపౌండ్ కల్లుకీ పేరు ఒకటే, లోపల సరుకు వేరు. ఎవరు దించారో తెలియని కల్లుని రుచి చూసి నమ్మడం కుదరదు కదా.

ఇంతలో జాతీయోద్యమం మద్యనిషేధం తెచ్చింది. రాజాజీ 1937లో సేలం జిల్లాతో మొదలుపెట్టి, 1938లో మన చిత్తూరు, కడప జిల్లాలకూ పెంచారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 కల్లా మద్రాసు రాష్ట్రం మొత్తం నిషేధం. ఆంధ్ర రాష్ట్రం 1953లో విడిపోయినప్పుడు ఆ నిషేధం కూడా ఆస్తిపంపకాల్లో వచ్చినట్టు దాంతోనే వచ్చింది. మరి చెట్టెక్కి బతికే గీత కార్మికుల గతేంటి? గౌతు లచ్చన్న లాంటి నాయకులు వాళ్ల తరఫున పోరాడారు. నిషేధం ఎలా నడుస్తుందో చూడమని వేసిన రామమూర్తి కమిటీ, ఇది పనిచెయ్యడం లేదు, ఎత్తెయ్యండి అని చెప్పింది. ఆ సిఫార్సు మీద నడిచిన గొడవలోనే 1954 నవంబర్‌లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఓడిపోయింది. ఎన్ని ఓట్ల తేడా అనుకుంటున్నారు? ఒక్కటంటే ఒక్క ఓటు! తెలుగువాళ్ల మొదటి రాష్ట్ర ప్రభుత్వం కల్లు విషయం మీద కూలిపోయింది. మన పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతి ఒక వాక్యంలో దాటేస్తారు.

తర్వాత 1968లో రెండు ప్రాంతాల పాత చట్టాల స్థానంలో ఒకే ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది. ఇక్కణ్ణుంచి రెండు రకాల కొట్లు కనిపిస్తాయి. కూలీలకీ రైతులకీ సారా కొట్టు. ఉద్యోగులకీ కాస్త డబ్బున్నవాళ్లకీ బ్రాందీ షాపు. కోస్తాలో ఇప్పటికీ పెద్దవాళ్లు "బ్రాందీ షాపు" అనే అంటారు, గమనించే ఉంటారు. బ్రిటిష్ కాలంలో దొరలకు సరుకు అమ్మే వ్యాపారులు తమను తాము "వైన్ అండ్ స్పిరిట్ మర్చంట్స్" అని పిలుచుకునేవాళ్లు. ఆ దర్జా మాట మిగిలింది, సరుకు మారిపోయింది. సారా కొట్టు అంటే నామోషీ, వైన్ షాపు అంటే స్టేటస్.

1980ల్లో ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారాని ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చింది. మంచినీళ్లు సరిగా రాని ఊళ్లకి కూడా సారా ప్యాకెట్ టైముకి వచ్చేది. ఆ కూలీ డబ్బు ఇంటికి చేరకుండానే కొట్టులో ఆగిపోయేది. దెబ్బలు తినేది ఆడవాళ్లు, పస్తులుండేది పిల్లలు.

దీనికి జవాబు నెల్లూరు జిల్లాలోని దూబగుంట అనే చిన్న ఊరి నుంచి వచ్చింది. అక్కడ అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిపూట బడికి వచ్చిన ఆడవాళ్లు చదువుతో పాటు తమ బతుకుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఊళ్లో సారా కొట్టు మూయించారు. ఆ ఊరి కథనే పాఠంగా మార్చి మిగతా ఊళ్ల వాచకాల్లో పెట్టారు. ఒక ఊరు చేసిన పని పక్క ఊరికి పాఠం అయ్యింది! ఇప్పటి భాషలో చెప్పాలంటే అది వైరల్ అయ్యింది, అదీ ఒక్క ఫోన్ లేకుండా. వర్ధినేని రోశమ్మ లాంటి మామూలు పల్లెటూరి మహిళలు ముందు నిలబడ్డారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం. 1994 డిసెంబర్‌లో ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి కాగానే సంపూర్ణ మద్యనిషేధం వైపు అడుగేశారు, 1995 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. పక్క రాష్ట్రాల నుంచి దొంగ సరుకు, ఖజానాకు నష్టం అని చెప్పి 1997లో ఆ నిషేధాన్ని సడలించారు.

ఇక్కడ ఒక విషయం బాగా గమనించండి. నిషేధం ఎత్తేశాక తిరిగి వచ్చింది ఏది? సారా రాలేదు. వైన్ షాపు వచ్చింది. సారా కొట్టుకి వెళ్లే కూలీ కూడా ఇప్పుడు వైన్ షాపు కౌంటర్ ముందే నిలబడ్డాడు. దూబగుంట ఆడవాళ్లు అడిగింది మగవాళ్ల చేతిలో ప్యాకెట్ ఉండకూడదని. ప్యాకెట్ పోయింది, దాని స్థానంలో క్వార్టర్ సీసా వచ్చింది, ఊళ్లలో బెల్టు షాపులు వచ్చాయి. ఆ ఉద్యమం ఓడిపోయిందని నేను అనను. చదువు రాని ఆడవాళ్లు ఒక రాష్ట్రం ఖజానాని నిలదీయగలరని అది చూపించింది. కానీ సగం గెలుపు దగ్గర ఆ కథని మనమే ఆపేశాం.

సరే, ఇప్పుడు క్వార్టర్ సీసాలో ఏముందో చూద్దాం. మా షాపులో కొత్త బ్రాండ్ దించినప్పుడు మామ ఒక పని చేసేవాడు. రాత్రి షట్టర్ దించాక మూడు గ్లాసుల్లో తక్కువ రేటు విస్కీ, బ్రాందీ, రమ్ కొంచెం కొంచెం పోసి, కళ్లు మూసుకుని వాసన చూసి, ఒక్క గుక్క రుచి చూసి ఏది ఏదో చెప్పమనేవాడు. షాపులో పనిచేసే ఇద్దరు అన్నలు, నేను, మామ. రమ్‌ని అందరం పట్టేశాం, దాని తీపి వాసన దాగదు. విస్కీ, బ్రాందీ మాత్రం ఒకసారి అటు, ఒకసారి ఇటు. పదేళ్లుగా కౌంటర్ మీద ఉన్న అన్న కూడా తేల్చలేకపోయాడు. మామ నవ్వి, "అరే అల్లుడూ, రెంటికీ తల్లి ఒక్కతేరా, చీరలే వేరు" అన్నాడు.

మామ మాటలో కెమిస్ట్రీ ఉంది. తక్కువ రేటు విస్కీ అయినా బ్రాందీ అయినా, ఎక్కువ భాగం ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్. చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మొలాసిస్ నుంచి గానీ, ధాన్యం నుంచి గానీ తీసిన స్పిరిట్ అది. రుచీ వాసనా లేకుండా శుభ్రం చేస్తారు. పేరులోనే న్యూట్రల్ అని ఉంది. దానికి నీళ్లు, రంగు కోసం కారమెల్, వాసన కోసం ఫ్లేవర్, కొంచెం మాల్ట్ స్పిరిట్ కలిపితే విస్కీ. కొంచెం ద్రాక్ష స్పిరిట్ కలిపితే బ్రాందీ. యూరప్‌లో మొలాసిస్ స్పిరిట్‌తో చేసినదాన్ని విస్కీ అని అమ్మడానికి చట్టం ఒప్పుకోదు, అక్కడ విస్కీ అంటే ధాన్యంతోనే చెయ్యాలి. మన దగ్గర దాని పేరు ఇండియన్ మేడ్ ఫారిన్ లిక్కర్. ఇండియాలో చేసిన ఫారిన్ సరుకు! ఈ పేరు ఒక్కటి చాలు, ఈ వ్యాపారం అంతా అర్థం కావడానికి.

లేబుల్ మీద ఇంకో అంకె ఉంటుంది. 42.8 శాతం. ఎప్పుడైనా ఆలోచించారా, 40 కాదు, 45 కాదు, ఈ పాయింట్ ఎనిమిది ఎక్కడిది? ఇది బ్రిటిష్ వాడి లెక్క. వాళ్ల పాత పద్ధతిలో 57.1 శాతం ఆల్కహాల్ ఉంటే 100 ప్రూఫ్. అందులో ముప్పావు వంతు, అంటే 75 ప్రూఫ్, సరిగ్గా 42.8. దొరలు వెళ్లిపోయి ఇన్నేళ్లయినా, వాళ్ల ఎక్సైజ్ లెక్క మాత్రం మన ప్రతి క్వార్టర్ సీసా మీద అచ్చయి ఉంది.

ఇక షాపు నడపడం గురించి. బయట నుంచి చూసేవాళ్లకి వైన్ షాపు ఓనర్ అంటే డబ్బే డబ్బు. దగ్గర నుంచి చూస్తే అతను టోల్ గేట్ మనిషి. సరుకు ప్రభుత్వ డిపో నుంచే ఎత్తాలి. రేటు ప్రభుత్వమే పెడుతుంది. ఏ బ్రాండ్లు దొరుకుతాయో ప్రభుత్వమే తేలుస్తుంది. ప్రతి సీసా మీద హోలోగ్రామ్ ఉండాలి. లైసెన్స్ ఫీజు వాయిదాల్లో ముందే కట్టాలి. ఓనర్ చేతిలో ఉన్నది ఏంటయ్యా అంటే కౌంటర్, ఫ్రిజ్, సీసీ కెమెరా. ఎండాకాలం బీర్లు కూలింగ్ ఉన్నాయా లేదా అన్నదే మా షాపుకీ ఎదురు షాపుకీ ఉన్న ఒకే ఒక్క పోటీ. మంచి సరుకు ఎంచి తెచ్చే అవకాశమే లేనప్పుడు రుచి చూసే అలవాటు ఎందుకుంటుంది?

అసలు లైసెన్స్ కూడా లాటరీయే. 2023లో తెలంగాణలో 2,620 షాపులకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తు ఫీజు 2 లక్షలు, షాపు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ఒక్క సీసా అమ్మకముందే ప్రభుత్వానికి 2,600 కోట్లకు పైగా వచ్చింది. 2025లో ఫీజు 3 లక్షలు చేశారు. దరఖాస్తులు 95 వేలకు తగ్గినా డబ్బు మాత్రం 2,800 కోట్లు దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ నుంచి ఐదేళ్లు ప్రభుత్వమే షాపులు నడిపింది. అడిగిన బ్రాండ్ దొరకదు, పేరు వినని బ్రాండ్లు వచ్చాయి అనే ఫిర్యాదు ఆ ఐదేళ్లూ వినిపించింది. 2024 అక్టోబర్‌లో మళ్లీ ప్రైవేటుకి ఇచ్చారు. 3,396 షాపులకు దాదాపు 90 వేల దరఖాస్తులు, దాదాపు 1,800 కోట్లు. దాంతో పాటు 99 రూపాయల క్వార్టర్ తెచ్చారు. గమనించండి, బ్రాండ్ పేరు కన్నా రేటే ప్రచారమైంది. మా కౌంటర్ దగ్గర "నూట అరవైది ఇయ్యి" అన్న మనిషి భాషనే ఇప్పుడు ప్రభుత్వం కూడా మాట్లాడుతోంది.

ఒక మంచి మార్పు కూడా చెప్పాలి. తెలంగాణలో 2021 నుంచి షాపుల కేటాయింపులో గౌడ కులస్తులకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఉంది. చెట్టెక్కిన చేతులకి కౌంటర్ మీద చోటు దొరికింది. కానీ కౌంటర్ మీద కూర్చున్నా వాళ్లు అమ్మేది డిపో సరుకే. తమ చెట్టు కల్లు కాదు.

మరి ఆ మూల సీసాల్లో ఉన్న అసలు వైన్ సంగతి? మా షాపులో అది కొనేవాళ్లు ముగ్గురు రకాలు. క్రిస్మస్‌కి కేక్ చేసుకునేవాళ్లు, బాలింతకి మంచిదని ఎవరో చెప్తే వచ్చేవాళ్లు, గుండెకి మంచిదంట అని వాట్సాప్‌లో చదివినవాళ్లు. చివరి రెండూ నమ్మకండి, డాక్టర్ని అడగండి. ఎక్కువగా అమ్ముడుపోయేది గోవా నుంచి వచ్చే తియ్యటి పోర్ట్ వైన్. ద్రాక్ష మనకి కొత్తేం కాదు. హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలు ఒకప్పుడు ఎంత పేరు పొందాయో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. కానీ అవి తినే పళ్లు. వైన్ తయారీ నాసిక్ వైపు, కర్ణాటక వైపు పెరిగింది, మన దగ్గర బోర్డు మీదే ఆగిపోయింది.

ఇంతసేపూ నేను చెప్పింది ఒక్క ముక్కలో చెప్తాను. కుండలో ఏముందో అందరికీ తెలిసిన రోజుల నుంచి, సీసాలో ఏముందో ఎవరికీ పట్టని రోజులకి వచ్చాం. మధ్యలో మారింది మన నాలుక కాదు. సరుకుని పన్నుగా మాత్రమే చూసే పద్ధతి వచ్చింది. అది నిజాం ఆబ్కారీ అయినా, బ్రిటిష్ వేలం అయినా, ఇప్పటి లాటరీ అయినా. ఆ పన్ను చివరికి ఎవరి జేబులోంచి వెళ్తుందో దూబగుంట ఆడవాళ్లు ముప్పై ఏళ్ల కిందటే లెక్క కట్టి చెప్పారు.

మీ ఇంట్లో తాగేవాళ్లు ఉంటే వాళ్లతో గొడవ పడకుండా ఒక చిన్న పని చెయ్యండి. సీసా చేతిలోకి తీసుకుని వెనక లేబుల్ చదివి వినిపించండి. ఏంటి ఇది, దేంతో చేశారు, ఎంత శాతం, ఇందులో మన ఇంటి డబ్బు నెలకి ఎంత. ఆ చివరి లెక్క దగ్గర మాట ఆగిపోతుంది చూడండి. మీ ఊళ్లో పెద్దవాళ్లు సారా కొట్టు గురించి, వేలంపాటల గురించి చెప్పే కథలుంటే కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు.